వరుసలోని రాజులు, ఎదురుపడిన రాజులు: సుమేరు రాజావళి – ఉరుక్ కావ్యాలు, ఒక పరిశీలన

ప్రాచీన సుమేరు పురాణరాజుల వృత్తాంతాలు ప్రధానంగా రెండు రకాల రచనలలో లభిస్తున్నాయి. మొదటిది రాజుల పేర్లనూ, వారు పాలించిన ఏండ్లనూ వరుసగా చెప్పే రాజావళి. రెండవది ఎన్మెర్కర్, లుగల్బందా, గిల్గమేష్ అనే ఉరుక్ నగర వీరులను నాయకులుగా గ్రహించిన కథాకావ్యాలు. క్రీ.పూ. 18వ శతాబ్ది ప్రాంతంలో నిప్పూర్ నగరపు లేఖక పాఠశాలల విద్యార్థులు ఈ రెంటినీ మట్టిపలకలపై నకలు చేశారు. ఒకే విద్యాసంప్రదాయంలో, ఒకే తరహా చేతుల మీదుగా నిలిచిన ఈ రెండు రకాల రచనలు ఒక ముఖ్యమైన విషయంలో పరస్పరం పొసగవు. కిష్ రాజు ఆగ పాలన ముగియడానికీ ఉరుక్ రాజు గిల్గమేష్ పాలన మొదలుకావడానికీ మధ్య రాజావళి 2,044 ఏండ్ల ఎడం ఉంచింది. కావ్యంలో ఆ ఇద్దరూ ఒకే కోటగోడకు అటూ ఇటూ నిలిచి ఒకరినొకరు చూసుకుంటారు. ఈ వైరుధ్యాన్ని లేఖకుల ప్రమాదంగానో, ప్రాచీనుల చారిత్రక దృష్టిలోని లోపంగానో భావించడం పరిపాటి. ‘రాజు ఎవరు?’ అనే ప్రశ్నకు రెండు ప్రక్రియలు ఇచ్చుకున్న వేర్వేరు సమాధానాలే దీనికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

రాజావళి నిర్మాణం

రాజావళి ప్రతులలో ఎక్కువ భాగం చెడకుండా లభించినది ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న వెల్డ్-బ్లండెల్ పట్టకం. ఇది సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తున, నాలుగు ముఖాలతో ఉన్న మట్టి దిమ్మె. స్టీఫెన్ లాంగ్డన్ దీని పాఠాన్ని 1923లో ప్రకటించాడు. ఈ పాఠం ప్రకారం రాజరికం మొదట స్వర్గం నుండి ఎరిదు నగరానికి దిగింది. అక్కడ అలులిమ్ 28,800 ఏండ్లు, అలల్గర్ 36,000 ఏండ్లు పాలించారు. పిదప బాద్-తిబిరా, లరాక్, సిప్పర్, షురుప్పక్ నగరాల వంతు వచ్చింది. ఐదు నగరాలు, ఎనిమిది మంది రాజులు, మొత్తం 2,41,200 ఏండ్లు. అప్పుడు జలప్రళయం వచ్చి అన్నిటినీ ముంచివేసింది. ప్రళయానంతరం రాజరికం మళ్ళీ దిగివచ్చి కిష్‌లో నిలిచింది.

ఈ సంఖ్యలను అతిశయోక్తి అని తోసివేయడం సులభమే గాని, వాటి వెనుక ఒక గణితం ఉంది. సుమేరుల లెక్క అరవై ఆధారంగా సాగుతుంది. అరవై అరవైలు, అంటే 3,600, ఒక పెద్ద ప్రమాణం. 28,800 అంటే అటువంటివి ఎనిమిది, 36,000 అంటే పది, బాద్-తిబిరాను పాలించిన ఎన్మెన్లుఅన్నకు చెప్పిన 43,200 అంటే పన్నెండు. క్రీ.పూ. 3వ శతాబ్దిలో బాబిలోన్ పురోహితుడు బెరోసస్ ఇదే సంప్రదాయాన్ని గ్రీకులో చెబుతూ ప్రళయానికి పూర్వపు రాజులను పదిమందిగా, వారి పాలనను 4,32,000 ఏండ్లుగా లెక్కించాడు. కలియుగ ప్రమాణం కూడా అదే కావడం తెలుగు పాఠకుని దృష్టిని వెంటనే ఆకర్షిస్తుంది. అయితే బెరోసస్ కంటే పదిహేను వందల ఏండ్ల ముందటి పట్టకంలో ఈ మొత్తం లేదు. కనుక ఈ సామ్యాన్ని సుమేరు రాజావళికి నేరుగా ముడివేయడం తొందరపాటు.

ప్రళయానంతర భాగమంతా ఒకే వాక్యచ్ఛందంలో నడుస్తుంది. ఫలానా నగరం ఆయుధంతో దెబ్బతిన్నది, దాని రాజరికం ఫలానా నగరానికి తరలిపోయింది. ఈ వాక్యంలో కర్తృస్థానం రాజుది కాదు. గెలిచిన రాజు పేరు గాని, ఓడిన రాజు పేరు గాని అందులో ఉండదు. కదిలేది రాజరికం. రాజులు దానిని కొంతకాలం మోసి వదిలినవారు మాత్రమే. పైగా ఆ రాజరికం అవిభాజ్యం. ఒక సమయంలో ఒక్క నగరంలోనే ఉండగలదు. ఇసిన్ రాజుల కాలంలో వెలువడిన సుమేరు, ఊర్ నగరాల విధ్వంస విలాపంలోనూ ఇదే భావన ఉంది. ఊర్‌కు రాజరికం దక్కిందే గాని శాశ్వతమైన వంతు దక్కలేదని దేవుడు ఎన్లిల్ అందులో తీర్పు చెబుతాడు.

ఈ రచనను పండితులు చదివిన తీరు కూడా పరిశీలించదగినది. థోర్కిల్డ్ యాకబ్‌సన్ 1939లో ప్రకటించిన పరిష్కరణలో ఒకదాని తరువాత ఒకటిగా చెప్పిన వంశాలను పక్కపక్కన నిలిపి, వాస్తవ కాలక్రమాన్ని రాబట్టడానికి ప్రయత్నించాడు. రాజావళి 900 ఏండ్లు పాలించాడని చెప్పిన కిష్ రాజు ఎన్మెబరగెసి పేరు ఒక రాతిపాత్ర శకలంపై ఉన్నట్లు డీట్స్ ఒట్టో ఎడ్సార్డ్ 1959లో గుర్తించడంతో ఈ మార్గానికి బలం చేకూరింది. పియోటర్ మిఖలోవ్‌స్కీ 1983లో దీనికి భిన్నమైన వాదం చేశాడు. ఊర్ పతనానంతరం అధికారానికి వచ్చిన ఇసిన్ రాజులు తమ హక్కును స్థాపించుకోవడానికి చేయించుకున్న అధికారపత్రమే ఈ రాజావళి అని అతని అభిప్రాయం. వెల్డ్-బ్లండెల్ పట్టకం ఇసిన్ రాజు సిన్-మాగిర్‌తో ముగియడం, ఇసిన్‌కు పోటీగా నిలిచిన లార్సా ఊసే లేకపోవడం ఈ వాదానికి అనుకూలాంశాలు. 2003లో పియోటర్ స్టైన్‌కెల్లర్ ప్రకటించిన షుల్గి కాలపు ప్రతిలో ప్రళయానికి పూర్వపు రాజులు లేరు. అందులో రాజరికం దిగివచ్చినది నేరుగా కిష్‌కే. దీనిని బట్టి రాజావళి ఎప్పటికప్పుడు కొత్త అవసరాలకు పెరుగుతూ వచ్చిన రచన అని తేలింది.

యాకబ్‌సన్ దీనిలో చరిత్రను వెదికాడు, మిఖలోవ్‌స్కీ రాజకీయాన్ని వెదికాడు. రెండు మార్గాలూ ఫలవంతమైనవే. కాని రాజావళిని ఒక సాహిత్యరూపంగా ఆనాటి వారే గుర్తించారనడానికి ఉన్న సాక్ష్యానికి ఆ రెండింటిలోనూ తగిన స్థానం లేదు. శక్తిమంతమైన లగాష్ నగరానికి రాజావళిలో చోటు దక్కలేదు. దానికి సమాధానమన్నట్లు లగాష్ పాలకుల పేర్లతో మరొక జాబితా పుట్టింది. ఎడ్మండ్ సోల్‌బెర్గర్ 1967లో దానిని ప్రకటించాడు. ప్రళయం తరువాతి ఆ రోజుల్లో పిల్లవాడు ఎదగడానికే వందల ఏండ్లు పట్టేదని అది గంభీరంగా చెబుతుంది. ఇది అనుకరణ హాస్యమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఒక రూపాన్ని వెక్కిరించాలంటే ముందుగా దాని లక్షణాలు వెక్కిరించేవారికీ వినేవారికీ కంఠస్థమై ఉండాలి.

వేంగీ చాళుక్యుల తామ్రశాసనాలతో పరిచయమున్న వారికి ఈ రూపం కొత్తది కాదు. కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏండ్లు, జయసింహుడు 33 ఏండ్లు అని పేరు వెంట పేరు, ఏండ్ల వెంట ఏండ్లు పేర్చే పద్ధతి అక్కడా ఉంది. 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరుమెల్లి శాసనం వంటివి ఈ వరుసకు ముందు చంద్రవంశాన్నీ, అయోధ్యనేలిన 59 మంది చక్రవర్తులనూ చేర్చాయి. ఇక్కడ సామ్యం కంటే భేదమే ఎక్కువ గమనార్హం. మన శాసనకర్తలు ఆ అయోధ్యాధిపతులకు ఏండ్లు కట్టలేదు. సంఖ్య చెప్పి ఊరుకున్నారు. ఏండ్ల లెక్క వేంగీ రాజ్యస్థాపకునితోనే మొదలవుతుంది. సుమేరు లేఖకుడు అట్లా చేయలేదు. పురాణరాజుకూ, తనకు కొద్దికాలం ముందటి రాజుకూ ఒకే వాక్యాన్ని, ఒకే లెక్కను వర్తింపజేశాడు. రాజరికం ఒక్కటే అయినప్పుడు దాని కొలత మాత్రం రెండు విధాలుగా ఎందుకుండాలి?

టిప్పణులు: వరుసలో చొరబడిన కథ

పేరు, ఏండ్లు తప్ప మరేమీ చెప్పని రాజావళి కొందరు రాజుల దగ్గర మాత్రం ఆగి ఒకటి రెండు మాటలు కలుపుతుంది. కిష్ రాజు ఎతానా గొర్రెల కాపరి, స్వర్గానికి ఎక్కినవాడు. ఎన్మెబరగెసి ఎలాము దేశపు ఆయుధాలను పట్టుకువచ్చినవాడు. ఎన్మెర్కర్ ఉరుక్ నగరాన్ని కట్టినవాడు, పాలన 420 ఏండ్లు. లుగల్బందా గొర్రెల కాపరి, 1,200 ఏండ్లు. అతని తరువాతి దుముజి చేపలు పట్టేవాడు, 100 ఏండ్లు. గిల్గమేష్ తండ్రి మానవుడు కాడు, ఒక ఛాయారూపం. అతని పాలన 126 ఏండ్లు. తరువాతి కాలంలో కిష్‌ను ఏలిన కుబాబా కల్లు అమ్మిన స్త్రీ. అక్కద్ రాజ్యస్థాపకుడు సార్గోన్ తోటమాలి ఇంట పెరిగి, కిష్ రాజుకు పానపాత్ర అందించినవాడు.

వీటిలో ఎన్మెబరగెసి, ఎన్మెర్కర్ టిప్పణులు రాజు చేసిన పనిని చెబుతున్నాయి. తక్కినవన్నీ అతడు రాజు కాకముందు ఎవరో చెబుతున్నాయి. కాపరి, జాలరి, కల్లమ్మే స్త్రీ, పానపాత్ర అందించే సేవకుడు – వీరెవరూ తండ్రి తరువాత తనయుడన్న క్రమంలో వచ్చినవారు కారు. వరుస ఎక్కడ సహజంగా అతకదో అక్కడ టిప్పణి పుట్టింది. అది అలంకారం కాదు, అతుకు. ‘ఇతడు ఇక్కడికి ఎట్లా వచ్చాడు?’ అనే ప్రశ్నకు చోటిచ్చి, సమాధానం చెప్పకుండా రాజావళి ముందుకు సాగిపోతుంది. ఆ ప్రశ్నను అందుకొని విస్తరించినవి కావ్యాలు. అయితే కావ్యాల సారాంశాలే ఈ టిప్పణులు అనుకోవడానికి వీలులేదు. లుగల్బందా కావ్యాలలో అతడు కాపరిగా కనిపించడు. రాజావళి సూర్యదేవుడు ఉతు కుమారుడన్న గౌరవాన్ని ఎన్మెర్కర్ తండ్రి మెష్కియాంగషెర్‌కు ఇస్తే, కావ్యం దానిని ఎన్మెర్కర్‌కే ఇస్తుంది.

సంఖ్యల విషయంలో గిల్గమేష్ స్థానం ప్రత్యేకమైనది. ఉరుక్ మొదటి వంశంలో అతని కుమారునికి 30 ఏండ్లు, మనుమనికి 15 ఏండ్లు మాత్రమే దక్కాయి. తరువాతి వంశాలలో అక్కడక్కడ పెద్ద సంఖ్యలు మళ్ళీ తలెత్తినా, ఈ వంశం వరకు నూరేండ్లు దాటి పాలించిన చివరి రాజు గిల్గమేష్. కథలలో మరణాన్ని తప్పించుకోజూసి విఫలుడైన వీరుడే పట్టికలో మానుషమైన ఆయుఃప్రమాణానికి సరిహద్దురాయి కావడం యాదృచ్ఛికమని అనిపించదు.

రాజు కాని లుగల్బందా

రాజావళి 1,200 ఏండ్లు కట్టిన లుగల్బందా, తన పేరిట ఉన్న రెండు కావ్యాలలోనూ ఒక్క దినమైనా సింహాసనం ఎక్కడు. ఎన్మెర్కర్ అరట్ట దేశంపైకి దండెత్తినప్పుడు ఏడుగురు అన్నల వెంట వెళ్ళిన ఎనిమిదవవాడు అతడు. దారిలో జబ్బుపడతాడు. అన్నలు ఆహారం, ఆయుధాలు పక్కన ఉంచి, బ్రతికితే తిరుగుదారిలో తీసుకుపోదామని, చనిపోతే శవాన్ని ఉరుక్‌కు చేర్చుదామని గుహలో విడిచిపోతారు. అతడు సూర్యుని, ఇనన్నను, చంద్రుని ప్రార్థించి కోలుకుంటాడు. రాళ్ళు కొట్టి నిప్పు రాజేస్తాడు. రొట్టె కాల్చడం తెలియకపోయినా కాలుస్తాడు. మొదటి కావ్యంలో అన్నిటికన్నా సజీవమైన ఘట్టం ఇదే. ఆయుధబలంతో గాని, వంశగౌరవంతో గాని నిమిత్తం లేకుండా, ఒంటరి మనిషి బ్రతకడం నేర్చుకొనే దృశ్యమది.

రెండవ కావ్యంలో అతడు అంజు పక్షి పిల్లకు తిండిపెట్టి, అలంకరించి, ఆ మహాపక్షి అనుగ్రహం పొందుతాడు. అది ఇవ్వజూపిన సంపదలను కాదని అలసట లేని పరుగును మాత్రమే కోరుకుంటాడు. ఆ వరం సంగతి అన్నలకు చెప్పవద్దని పక్షి హెచ్చరిస్తుంది. అరట్ట కోటను ఏడాదిపాటు ముట్టడించి విసిగిన ఎన్మెర్కర్‌కు, ఉరుక్‌లోని ఇనన్న వద్దకు సందేశం మోసే మనిషి కావలసి వచ్చినప్పుడు లుగల్బందా ఒక్కడే ముందుకు వస్తాడు. ఏడు పర్వతాలను ఒక్కరోజులో దాటుతాడు. అతని వీరత్వం దూతగా వెళ్ళడంలోనే ఉంది. అతడు ఎట్లా రాజయ్యాడో కావ్యం చెప్పదు. ఎట్లా అర్హుడయ్యాడో చెప్పి చాలిస్తుంది. రాజావళికి కావలసినది పాలించిన ఏండ్లు. కావ్యానికి ఆ ఏండ్లతో పని లేదు.

ఎన్మెర్కర్, అరట్ట ప్రభువుల కావ్యంలో మరొక విశేషముంది. సామ్యూల్ నోవా క్రేమర్ 1952లో ప్రకటించిన ఈ కావ్యం ఆరు వందల పంక్తులకు పైబడినది. ఆలయాలకు కావలసిన బంగారం, వెండి, లాజవర్ధపు రాయి అరట్టలో ఉన్నాయి. ధాన్యం ఉరుక్‌లో ఉంది. ఇద్దరు ప్రభువులూ ఇనన్న తమ పక్షానే ఉందని వాదిస్తారు. ధాన్యాన్ని గోతాలలో కాక వలల్లో పంపమని అరట్ట ప్రభువు పంతం పెడితే, ఎన్మెర్కర్ మొలకెత్తిన యవలతో వలకన్నులు పూడ్పించి పంపుతాడు. పందాలు పెరిగేకొద్దీ దూత మోయవలసిన మాట బరువెక్కుతుంది. చివరకు అతడు దానిని తిరిగి చెప్పలేని స్థితి వచ్చినప్పుడు ఎన్మెర్కర్ మట్టిముద్దను చదునుచేసి మాటలను దానిపై నిలుపుతాడు. అరట్ట ప్రభువు ఆ పలకను చేతబట్టి చూస్తే అతనికి మేకుల గుర్తులు కనిపిస్తాయి. ముఖం ముడుచుకుంటుంది.

ఈ ఇద్దరు రాజులు కావ్యమంతటా ఒక్కసారి కూడా కలుసుకోరు. వారి మధ్య నడిచేది దూత, తరువాత పలక. అయినా ఇది ఎదురుపాటు కావ్యమే. ఒకే దేవత అనుగ్రహానికి ఒకే సమయంలో ఇద్దరు ప్రభువులు పోటీపడడమే ఇందులో కథ. రాజావళి దృష్టిలో ఇటువంటి సందర్భానికి అర్థమే లేదు. అరట్టకు అందులో పేరు కూడా లేదు. అంతకన్నా విచిత్రమైన విషయం ఒకటుంది. కావ్యం ఎన్మెర్కర్‌కు లేఖనాన్ని కనిపెట్టిన ఘనత కట్టబెడుతుంది. లేఖనం లేనిదే ఉనికి లేని రాజావళి మాత్రం అతనిని నగరం కట్టినవానిగానే గుర్తుంచుకుంది.

ఆ మనిషి మీ రాజేనా?

గిల్గమేష్, ఆగల కావ్యం చిన్నది, నూటపదిహేను పంక్తులకు మించదు. దేవతల ప్రసక్తి స్వల్పం, రాక్షసులు లేరు. ఎన్మెబరగెసి కుమారుడైన ఆగ కిష్ నుండి దూతలను పంపుతాడు. లొంగిపోదామని పెద్దలు, పోరాడుదామని యువకులు సలహా ఇస్తారు. గిల్గమేష్‌కు రెండవ సలహా నచ్చుతుంది. ఆగ సేన ఉరుక్‌ను చుట్టుముడుతుంది. బిర్హుర్తురా అనే భటుడు బయటకు వెళ్ళి పట్టుబడి, దెబ్బలు తింటాడు. అంతలో గోడపై ఒక సేవకుడు కనిపిస్తాడు. ఆ మనిషి మీ రాజేనా అని ఆగ అడుగుతాడు. కాదంటాడు భటుడు. అతడే మా రాజైతే ఈపాటికి నీ సేన నేలకూలి ఉండేదని చెప్పి, మళ్ళీ దెబ్బలు తింటాడు. తరువాత గిల్గమేష్ స్వయంగా గోడెక్కుతాడు. అతని తేజస్సు కులబా వాసులందరినీ కమ్ముతుంది. ఎంకిదు ఒక్కడే ద్వారం దాటి వెలుపలికి వస్తాడు. ఆగ అదే ప్రశ్న మళ్ళీ వేస్తాడు. ఈసారి సమాధానం అవును. భటుడు చెప్పినదంతా అక్షరాలా జరుగుతుంది. ఆగ తన సేన నడుమనే బందీ అవుతాడు.

కావ్యం మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ కట్టబడింది. రాజు ఎవరన్నది ఇక్కడ చూపుతో తేలే విషయం. శత్రురాజు కళ్ళెదుట నిలిచినప్పుడే గిల్గమేష్ రాజు అవుతాడు. కనుక ఆగ లేనిదే ఈ కావ్యంలో గిల్గమేష్ రాజత్వానికి రుజువు లేదు. రాజావళికి ఈ రుజువు అక్కరలేదు. అక్కడ ముందరి పేరు ముగియడమే తరువాతి పేరుకు హక్కు.

అయితే రాజావళి కూడా ఒకేఒక్క చోట ఇటువంటి ప్రశ్న వేసుకుంది. అక్కద్ రాజు షర్కలిషర్రి తరువాత ఎవరు రాజో ఎవరు కాదో తెలియదన్న అర్థంలో ఒక ప్రశ్నను నిలిపి, నలుగురి పేర్లను మూడేండ్లలో ఇరికిస్తుంది. ఒకే సమయంలో పలువురు రాజులు ఉన్నారన్న సంగతిని ఎంతమాత్రమూ దాచలేని ఆ సందర్భంలోనే దాని వాక్యం తడబడింది. వేలాది ఏండ్ల పాలనలను తొణకకుండా చెప్పిన రచన మూడేండ్ల దగ్గర తొణికింది.

ఈ ఎదురుపాటు స్మృతి ఎంత గట్టిదో చెప్పడానికి మరొక ఆధారం ఉంది. ఊర్ రాజు షుల్గి తనను లుగల్బందా, నిన్సున్‌ల కుమారునిగా, గిల్గమేష్ సోదరునిగా చెప్పుకొన్నాడు. అతని స్తోత్రాలలో ఒకటి గిల్గమేష్ కిష్‌పై గెలిచినట్లు చెబుతుంది. అందులో ఓడినవాడు ఆగ కాదు, అతని తండ్రి ఎన్మెబరగెసి. తండ్రో కొడుకో మారవచ్చు. ఉరుక్ రాజు కిష్ రాజును ఎదుర్కొన్నాడన్నది మారలేదు. రాజావళి తొలి ప్రతి షుల్గి కాలానిదే అన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అంటే రాజులను వరుసలో నిలిపిన రచన, వారిని ఎదురెదురుగా నిలిపిన రచన ఒకే రాజు కాలంలో వాడుకలో ఉన్నాయి. తమ రాజరికం స్వర్గం నుండి దిగివచ్చిన క్రమంలో తమ వంతుగా దక్కిందని చెప్పుకోవడానికి ఒకటి కావాలి. తమ పూర్వవీరుడు ఎవరి ఎదుటా తలవంచలేదని చెప్పుకోవడానికి మరొకటి కావాలి. సుమేరు కావ్యాలను గ్రీకు, భారతీయ వీరగాథలతో పాటు ఒక ‘వీరయుగం’ ప్రతిబింబాలుగా చూసిన క్రేమర్ ప్రతిపాదన ఈ విషయాన్ని పట్టించుకోలేదు. కావ్యాలను వీరయుగానికి, జాబితాలను గుమాస్తాలకు పంచి ఇవ్వడం వలన రెంటినీ ఒకే లేఖకుడు నేర్చుకున్నాడన్న వాస్తవం కనుమరుగవుతుంది.

కావ్యం ముగింపు ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. బందీ అయిన ఆగను గిల్గమేష్ తన పై అధికారి అని, సేనాని అని సంబోధిస్తాడు. ఒకప్పుడు ప్రాణభిక్ష పెట్టినవాడవని, పారిపోయి వచ్చిన తనకు ఆశ్రయమిచ్చినవాడవని నగరమంతా వినేట్లు చెబుతాడు. ఆనాటి ఉపకారానికి బదులు తీర్చి, అతనిని విడిచిపెడతాడు. రాజావళి ప్రకారం ఆగ తరువాత కిష్ ఆయుధంతో దెబ్బతిన్నది, దాని రాజరికం ఉరుక్‌లోని ఎఅన్నకు తరలిపోయింది. కావ్యంలో అట్లా జరగలేదు. ఏదీ ఎక్కడికీ తరలలేదు. ఉరుక్ గోడ చెక్కుచెదరలేదు. ఓడిన రాజు అప్పు తీరిన మనిషిగా తన సేనతో కిష్‌కు వెళ్ళిపోయాడు. అక్కడ అతడు మరెన్ని ఏండ్లు పాలించాడో కావ్యం లెక్కపెట్టలేదు. రాజావళి అతని పేరిట వేసిన 625 ఏండ్లలో ఈ ఒక్కరోజుకు చోటు లేదు.